పెళ్ళి మీద డెబ్భై ఉత్తరాలు, స్నేహం మీద రెండు

అమ్మా, మీ ప్రశ్న చూశాక ముందు నవల తెప్పించుకుని చదివాను. అందుకే జవాబు రాయడానికి పది రోజులు పట్టింది. మిగతావాళ్ళకి సంగతి తెలియాలి కాబట్టి క్లుప్తంగా చెబుతాను. అమలాపురం దగ్గరి పల్లెలో ఉండే ఈ అమ్మాయి తన తొలి నవల అచ్చు వేయించుకున్నారు. కోనసీమ నుంచి అమెరికాలోని వర్జీనియా వెళ్ళి చదువుకుని, అక్కడే ఫార్మసిస్టుగా పనిచేసే ఒక అమ్మాయి కథ అది. ఒక నల్లజాతి అమ్మాయితో కలిసి ఇల్లు అద్దెకి తీసుకుంటుంది. మూడేళ్ళ స్నేహం తర్వాత ఆ స్నేహితురాలి అన్నని ప్రేమిస్తుంది. చివరికి అమలాపురంలో రిజిస్టర్ పెళ్ళి. నవల వచ్చిన నాలుగు నెలల్లో ఫోన్లు, వాట్సాప్ మెసేజీలు, ఉత్తరాలు కలిపి డెబ్భై రెండు స్పందనలు వచ్చాయట. సగం మెప్పు, సగం తిట్లు. రెండో ముద్రణలో ముగింపు మార్చమని కొందరు, స్నేహం గురించిన అధ్యాయాలు సాగదీతగా ఉన్నాయి కాబట్టి తగ్గించమని కొందరు సలహా ఇచ్చారు. ఎవరి మాట వినాలి అన్నది ఈవిడ ప్రశ్న. వచ్చినవన్నీ పేర్లు తీసేసి నాకు పంపారు.

నేను విజయవాడలో ఒక వారపత్రికలో ఇరవై రెండేళ్ళు పాఠకుల ఉత్తరాల పేజీ చూశాను. రిటైరయ్యాక పాలకొల్లు వచ్చేశాను. నెలకొకసారి మా ఇంటి అరుగు మీద పన్నెండు, పదిహేను మందిమి కూర్చుని ఒక పుస్తకం చదువుకుంటాం. మీ నవల కూడా వాళ్ళతో కలిసి చదివాను. కాబట్టి నేను చెప్పేదాంట్లో కొంత వాళ్ళ మాట కూడా ఉంటుంది.

ముందు జవాబు చెప్పేస్తాను. ముగింపు ముట్టుకోవద్దు. స్నేహం అధ్యాయాల్లో ఒక్క పేజీ కూడా తియ్యొద్దు. కానీ నవల మూడు చోట్ల తప్పింది. అందులో రెండు తప్పుల్ని పట్టుకున్నది మిమ్మల్ని తిట్టినవాళ్ళే. మూడోది ఎవరూ పట్టుకోలేదు, నేను చెబుతాను.

మీరు మెప్పు ఒక కుప్ప, తిట్టు ఒక కుప్ప చేశారు. కొత్తలో నేనూ అలాగే చేసేదాన్ని. దానివల్ల మన మనసు ఎక్కడ సంతోషించింది, ఎక్కడ నొచ్చుకుంది అన్నదే తెలుస్తుంది, పుస్తకం గురించి ఏమీ తెలియదు. కొన్నేళ్ళ తర్వాత వేరే పద్ధతి పట్టాను. ఉత్తరం రాసినాయన కథలో ఏ చోట ఆగాడు అని చూసి, దాన్నిబట్టి కట్టలు కట్టేదాన్ని. మీ డెబ్భై రెండూ అలా పేర్చి చూశాను. డెబ్భై మంది పెళ్ళి దగ్గరే ఆగారు. ఇద్దరు మాత్రం ఆ ఇద్దరమ్మాయిల స్నేహం దగ్గర ఆగారు. మీ నవల మొత్తం మూడు వందల పేజీలు. అందులో రెండు వందల పేజీలు స్నేహమే. ఆ లెక్క చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

ఆ డెబ్భైలో మీ పుస్తకం గురించి చాలా తక్కువ ఉంది. మన దగ్గర పెళ్ళి మాట వినబడితే చాలు, చదివేవాళ్ళు చదవడం మానేసి సంబంధం చూడ్డం మొదలుపెడతారు. అబ్బాయి ఏం చేస్తాడు, తల్లిదండ్రులున్నారా, చూడ్డానికి ఎలా ఉంటాడు, పిల్ల ఎంత చదివింది, నలుగురిలో మాట వస్తుందా. మీకొచ్చిన వాటిలో ఎనిమిది మంది 'కాకి ముక్కుకి దొండపండు' అని రాశారు. ఈ సామెత మన పెళ్ళిపందిట్లో ఎన్నిసార్లు వినుంటాం! పెళ్ళికొడుకు నలుపు, పెళ్ళికూతురు తెలుపు అయితే సొంత మేనత్తే చెవిలో అనేస్తుంది. ఆ ఎనిమిది మంది వర్జీనియా అబ్బాయిని చూడలేదు. మన వీధిలో జరిగిన పెళ్ళిళ్ళే వాళ్ళ కళ్ళ ముందు ఉన్నాయి.

దీనికి కారణం మన భాషలోనే ఉంది. కులాంతర వివాహాన్ని మన పెద్దలు వర్ణాంతర వివాహం అనేవారు. వర్ణం అంటే రంగు, వర్ణం అంటే కులం కూడా. జాతి అన్న మాట చూడండి. నల్లజాతి అంటాం, తెలుగు జాతి అంటాం, 'ఆ జాతే అంత' అని పక్కవీధి వాళ్ళనీ అంటాం. ఒకే మాటలో ఇన్ని అర్థాలు మోసే భాషలో మీరు జాతుల మధ్య ప్రేమకథ రాశారు. పాఠకుడు దాన్ని తన ఊరి లెక్కల్లోకి మార్చుకోకుండా ఎలా ఉంటాడు? రాజమండ్రి దళిత కవి కుసుమ ధర్మన్న 1920లలోనే 'మాకొద్దీ నల్లదొరతనము' అని రాశాడు. అప్పటికి ఊళ్ళన్నీ తెల్లదొరతనం వద్దని పాడుతున్నాయి. మా నెత్తిన కూర్చున్న మన ఊరి దొరల సంగతేమిటి అని ఆయన అడిగాడు. నలుపు, తెలుపు, కులం మన గోదావరి జిల్లాల్లో ఒకే పాటలోకి వచ్చి వందేళ్ళయింది. మీ పాఠకులు కొత్తగా కలిపిందేమీ లేదు.

మా అరుగు మీద ఒక మాస్టారు నిజాయితీగా ఒక మాటన్నారు. 'అబ్బాయి తెల్లవాడైతే నేను ఇంత ఇబ్బందిపడేవాణ్ణి కాదమ్మా.' ఆ మాట అన్నందుకు ఆయన్ని నేను గౌరవిస్తున్నాను, ఎందుకంటే మిగతావాళ్ళు లోపల అనుకుని ఊరుకున్నారు. మన ఊళ్ళలో కాటన్ దొర విగ్రహం లేని కూడలి అరుదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి మనకి నీళ్ళిచ్చాడు. ఇప్పటికీ స్నానం చేసి ఆయన పేరున తర్పణం వదిలేవాళ్ళున్నారు. ఆ కృతజ్ఞత మంచిదే. కానీ తెల్లవాడు అల్లుడుగా వస్తే 'దొరబాబులా ఉన్నాడు' అని ఊరంతా చూడ్డానికి వస్తుంది. నల్లజాతి అల్లుడొస్తే చదువు, ఉద్యోగం, గుణం ఒక్కొక్కటే చూపించి మెప్పించాల్సి వస్తుంది. అదే ఊళ్ళో కాలవకి అవతలి గట్టున ఉన్న పేటలోంచి అల్లుడొస్తే? మీ హీరోయిన్ నాన్న పదిహేడో అధ్యాయంలో రాత్రంతా నిద్రపోకుండా అదే ఆలోచిస్తాడు. 'అమెరికావాడు కాబట్టి కులం అడగరు, అదొక్కటే నయం' అనుకుంటాడు. నవల మొత్తంలో నాకు గుండె పట్టేసిన వాక్యం అది. డెబ్భై మందిలో ఒక్కరు కూడా దాన్ని ఎత్తలేదు. ఆ వాక్యం ఉన్న పేజీని మీరు ప్రాణంలా కాపాడుకోవాలి.

ఇక మెచ్చుకున్నవాళ్ళ సంగతి. 'ప్రేమకి హద్దులు లేవని చాటారు' అని పదకొండు మంది రాశారు. వాళ్ళ మంచి మనసుకి దణ్ణం పెట్టండి, కానీ ఆ మాట నమ్మి రెండో నవల మొదలుపెట్టకండి. నవల చదవకుండా కూడా ఆ మాట రాయొచ్చు. నాకు మరీ బాధ కలిగించింది ఇంకో రకం మెప్పు. 'అతను నల్లవాడైనా ఎంత సంస్కారం!' 'నల్లవాళ్ళయినా వాళ్ళ కుటుంబం ఎంత పద్ధతిగా ఉంది!' ఆ 'అయినా' ఎంత బరువైన మాటో చూడండి. మన ఇళ్ళలో 'ఫలానా వాళ్ళయినా ఇల్లు శుభ్రంగా పెట్టుకుంటారు' అని మెచ్చుకుంటూ అనే మాట లాంటిదే ఇది. అన్నవాళ్ళకి అందులో తప్పేమీ కనబడదు. పడ్డవాళ్ళు ఇంటికెళ్ళి అన్నం తినలేరు. మీకు అలాంటి మెప్పు ఎందుకొచ్చిందో ఆలోచించండి, దాంట్లో కొంత బాధ్యత మీదీ ఉంది.

ఇక్కడ మొదటి తప్పు. రాజోలు వైపు నుంచి ఒకాయన చాలా కోపంగా రాశారు. ఎర్ర పెన్నుతో, తప్పులు అండర్‌లైన్ చేసి. మొదటి పేరా అంతా తిట్లే. మీరు అక్కడే ఆపేశారని నాకు తెలుసు, ఎందుకంటే మీ ప్రశ్నలో ఆయన్ని 'కులపిచ్చి ఉన్న ముసలాయన' అన్నారు. కిందకి చదవండి. 'ఇంతకీ వాడికి ఊరు లేదా? వాళ్ళమ్మ ఎక్కడ? వాడికి ఎప్పుడూ కోపం రాదా? ఏం తింటాడు? ఎవరికైనా అప్పున్నాడా?' అని అడిగారు. అమ్మా, ఆయన ప్రశ్నలు సరైనవి. మీ హీరోయిన్‌కి ఊరుంది, ఊరికి వైనతేయ గోదావరి ఉంది, రేవుంది, కొబ్బరి దింపుకి వచ్చే మనుషులున్నారు, వరదొస్తే ఇంట్లోకి నీళ్ళు వచ్చిన గుర్తు గోడ మీద ఉంది. అతనికి ఏముంది? మంచితనం. అతను ప్రతి అవమానానికీ చిరునవ్వు నవ్వుతాడు. హీరోయిన్ నాన్న ముఖం తిప్పుకుంటే ఓపిగ్గా ఉంటాడు. ఆమె ఏడిస్తే ఓదారుస్తాడు. ఒక్కసారి కూడా తలుపు ధడాలున వెయ్యడు. మనం ఒప్పుకోవాలంటే మచ్చలేని మనిషై ఉండాలని మీరే తెలియకుండా షరతు పెట్టారు. ఆ షరతులోంచే 'నల్లవాడైనా' అన్న మెప్పు పుట్టింది. అతనికి ఒక ఊరు, ఒక మొండితనం, ఒక అన్యాయమైన కోపం ఇవ్వండి. అప్పుడు పాఠకుడికి అతను నచ్చకపోయినా మనిషిగా కనబడతాడు.

రెండో తప్పు పట్టుకున్నది కొత్తపేట వైపు దస్తావేజులు రాసి రిటైరైన ఒకాయన. 'మూడు రోజుల్లో రిజిస్టర్ పెళ్ళి ఎలా అయిందమ్మా, నీకు చట్టం తెలుసా' అని ఆయన చివాట్లు పెట్టారు. ఆయన చెప్పింది నిజం. ఇలాంటి పెళ్ళి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద జరుగుతుంది. ఇద్దరిలో ఒకరు అప్పటికి కనీసం ముప్ఫై రోజులుగా ఆ జిల్లాలో నివాసం ఉండాలి. ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసుని రిజిస్టర్‌లో ఎక్కించి, ఆఫీసులో అందరికీ కనబడే చోట అంటిస్తారు. ముప్ఫై రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. వయసు చాలకపోవడం, ఇదివరకే పెళ్ళయి ఆ భర్తో భార్యో బతికి ఉండటం, మతిస్థిమితం లేకపోవడం, పెళ్ళికి పనికిరాని దగ్గరి బంధుత్వం, ఇలాంటి కారణాలే చెల్లుతాయి. కులం, మతం, రంగు, దేశం చెల్లవు. ఆ తర్వాత ముగ్గురు సాక్షుల ఎదుట పెళ్ళి.

ఈ తప్పు దిద్దుకుంటే మీకొక గొప్ప అధ్యాయం దొరుకుతుంది. ఆలోచించండి. అమలాపురంలో ఆ ఆఫీసు గోడ మీద నెలరోజులు ఆ కాగితం వేలాడుతూ ఉంటుంది. ఇద్దరి పేర్లు, చిరునామాలు, వయసులు. పొలం రిజిస్ట్రేషన్‌కి వచ్చినవాళ్ళు చూస్తారు, దస్తావేజు లేఖర్లు చూస్తారు, జిరాక్సు కుర్రాడు ఫోటో తీసి గ్రూపులో పెడతాడు. ఆ ముప్ఫై రోజులూ ఆ ఇంట్లో పొద్దున్న లేచి ఎవరు ఎవరి ముఖం చూస్తారు? అమ్మ బజారుకి వెళుతుందా, మానేస్తుందా? నాన్న ఎరువుల కొట్టు ముందు ఆగకుండా సైకిల్ తొక్కుకుంటూ పోతాడా? ఒక మేనమామ నోటీసు చింపెయ్యడానికి వెళ్ళి, అక్కడ తన చిన్ననాటి స్నేహితుడు గుమాస్తాగా ఉంటే ఏం చేస్తాడు? ఇంత టెన్షన్ ఉన్న చోటుని మీరు ఒక్క పేరాలో దాటేశారు. ఆ దస్తావేజు లేఖరి గారికి ఫోన్ చేసి, ఆయన సర్వీసులో చూసిన నోటీసుల గురించి అడగండి. ఆయన తిడుతూనే చెబుతారు. అలాంటివాళ్ళు మన నవలలకి ఆస్తి.

మూడోది వర్జీనియా విషయం. రూమ్మేట్ నాయనమ్మ మీ హీరోయిన్‌తో 'మా రోజుల్లో అయితే నిన్నూ నా మనవణ్ణీ జైల్లో పెట్టేవాళ్ళు' అంటుంది. చదవడానికి బాగుంటుంది, కానీ నిజం కాదు. వర్జీనియాలో 1924 నుంచి ఉన్న చట్టం నిషేధించింది తెల్లవాళ్ళు తెల్లవాళ్ళు కానివాళ్ళని చేసుకోవడాన్ని. ఇద్దరిలో ఒకరు తెల్లవాళ్ళయితేనే అది నేరం. రిచర్డ్ లవింగ్ అనే తెల్లజాతి తాపీపనివాడు, మిల్‌డ్రెడ్ అనే నల్లజాతి, ఆదివాసీ మూలాలున్న అమ్మాయి 1958 జూన్‌లో వాషింగ్టన్ వెళ్ళి పెళ్ళి చేసుకుని సొంత ఊరు వచ్చారు. ఐదు వారాలకి అర్ధరాత్రి దాటాక పోలీసులు పడగ్గదిలోకి వచ్చి వాళ్ళని పట్టుకున్నారు. ఏడాది జైలుశిక్ష వేసి, పాతికేళ్ళు ఇద్దరూ కలిసి రాష్ట్రంలో అడుగుపెట్టకుండా ఉంటే దాన్ని ఆపుతామన్నారు. వాళ్ళు కోర్టుకెక్కారు. 1967 జూన్ 12న అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ చట్టాన్ని కొట్టేసింది. అప్పటికి పదహారు రాష్ట్రాల్లో అలాంటి చట్టాలున్నాయి. ఆ తీర్పులోనే ఒక మాట ఉంది. తెల్లవాళ్ళు ఉన్న పెళ్ళిళ్ళని మాత్రమే నిషేధించడం చూస్తే, ఈ చట్టం తెల్లవాళ్ళ ఆధిక్యం నిలబెట్టడానికే అని తెలుస్తోందని కోర్టు అంది.

ఇది తెలిస్తే ఆ నాయనమ్మ మాట ఎంత మారిపోతుందో చూడండి. నలుపూ గోధుమరంగూ కలిస్తే ఆ చట్టానికి పట్టింపు లేదు. పెద్దావిడ తన యవ్వనంలో ఆ తీర్పు రేడియోలో విని ఉంటుంది. 'మా అమ్మాయి, మీ వాళ్ళబ్బాయి పెళ్ళాడితే తెల్లవాళ్ళకేం నష్టం లేదని అనుకున్నారు' అని ఆవిడ అంటే మన పాఠకుడికి వెంటనే అర్థమవుతుంది. మన ఊళ్ళలో కూడా పేటలో రెండు కులాల వాళ్ళు చేసుకుంటే పెద్దవీధి పట్టించుకోదు. పెద్దవీధి పిల్ల గడప దాటినప్పుడే పంచాయితీ పెడతారు.

భీమవరం నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరానికి ఏం జవాబివ్వాలో తెలియలేదన్నారు. కొడుకు, కోడలు అమెరికాలో ఉన్నారట. 'కష్టపడి పిల్లల్ని పంపించేది ఇందుకా, ఆ నల్లవాళ్ళతో మనకేం పని' అని రాశారు. ఆయన్ని ఎగతాళి చెయ్యకండి. ఆయనకి ఒక్క విషయం మెల్లగా చెప్పండి. 1946 నుంచి భారతదేశానికి అమెరికా ఇచ్చిన కోటా ఏడాదికి వంద మంది. 1965 అక్టోబరులో వచ్చిన వలస చట్టంతో ఆ దేశాలవారీ వివక్ష పోయి మనవాళ్ళకి తలుపు తెరుచుకుంది. ఆ చట్టం ఒంటరిగా రాలేదు. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లోనే ఓటుహక్కు చట్టం, వాటి వెనుక దెబ్బలు తిని, జైళ్ళకి వెళ్ళిన నల్లజాతి వాళ్ళ ఉద్యమం. జాతిని బట్టి మనిషిని వేరుచెయ్యడం తప్పు అని వాళ్ళు ఆ దేశం చేత ఒప్పించారు కాబట్టే ఆ కోటా నిలబడలేకపోయింది. ఆయన కొడుకు విమానం ఎక్కడానికి ఆ ఉద్యమానికీ సంబంధం ఉంది. ఈ సంగతి మీ నవలలో లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. కానీ ఆయనకి రాసే ఉత్తరంలో ఉండాలి.

ముగింపు గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు చెప్పాలి. 1991లో మా పత్రికలో ఒక సీరియల్ నడిచింది. పెద్దకులం అమ్మాయి, పేట అబ్బాయి. రచయిత్రి కొత్తావిడ, మీలాగే. పదో వారం దాటాక ఉత్తరాల వరద మొదలైంది. పదిహేను పైసల కార్డు మీద పట్టినంత కోపం రాశారు. ఏజెంట్లు కాపీలు తిప్పి పంపుతామన్నారు. ఆ ఉత్తరాలన్నీ చదివి, ఎన్ని వ్యతిరేకం, ఎన్ని అనుకూలం అని కాగితం మీద వేసి ఎడిటర్ గారి టేబుల్ మీద పెట్టింది నేనే. ఆ అంకెలు చూసి ముగింపు మార్పించారు. అబ్బాయి బస్సు ప్రమాదంలో పోయాడు. అమ్మాయి కన్నవాళ్ళ ఇంటికి తిరిగొచ్చింది. ఆవిడ ఏడుస్తూనే రాసిచ్చారు. తర్వాత ఆవిడ మాకు ఇంకేమీ పంపలేదు.

ఆఖరి భాగం వచ్చిన వారం ఒక కార్డు వచ్చింది. సంతకం లేదు. 'ఈ నెలంతా మేమిద్దరం మీ కథ చూసి ధైర్యం తెచ్చుకున్నాం' అని ఒకటే వాక్యం. ముందు నెలలో నేను వేసిన లెక్కలో వాళ్ళిద్దరూ లేరు. ఎందుకంటే అప్పటిదాకా వాళ్ళు ఉత్తరమే రాయలేదు. భయపడేవాళ్ళు కార్డు ముక్క కూడా రాయరు. మీ డెబ్భై రెండులో కూడా వాళ్ళు లేరు. ఆ కార్డు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. దాన్ని తలుచుకుంటే నిద్ర పట్టని రాత్రులున్నాయి.

బెదిరింపు మెసేజీలు నాలుగు ఉన్నాయి. వాటిని చదివి చెరిపెయ్యకండి. స్క్రీన్‌షాట్లు తీసి ఇంట్లోవాళ్ళకి చూపించండి, ఇంటికొస్తామన్న ఇద్దరి మీద పోలీసులకి రాతపూర్వకంగా ఇవ్వండి. గ్రూపుల్లో జవాబు చెప్పొద్దు. అంతకుమించి వాటి మీద సమయం పెట్టకండి.

ఇప్పుడు స్నేహం. దీనికోసమే ఇంత రాస్తున్నాను.

మా అరుగు మీదకి నర్సాపురం నుంచి లేసు అల్లే ఒకావిడ వస్తుంది. చదువుకోలేదు. మేం చదువుతుంటే వింటూ చేతిపని చేసుకుంటుంది. మీ నవలలోంచి నాలుగు గంటలపాటు చదివాం. పెళ్ళి దగ్గర అందరూ వాదించుకుంటున్నారు. ఈవిడ మాత్రం సూది ఆపి, 'ఆ పిల్ల జుట్టు దువ్విన పేజీ మళ్ళీ చదవండమ్మా' అంది. ఆ పేజీలో మీ హీరోయిన్, వాళ్ళమ్మ అంబాజీపేట నుంచి పంపిన కొబ్బరినూనె సీసా తీసి రూమ్మేట్ తలకి పట్టిస్తుంది. చిక్కు తియ్యడం చేతకాదు. ఆ అమ్మాయి నవ్వుతూ నేర్పిస్తుంది, కింద నుంచి మొదలుపెట్టాలి, పాయలు పాయలుగా తియ్యాలి అని. అన్ని సన్నజడలూ అల్లేసరికి చీకటి పడుతుంది. ఆ ఐదారు గంటల్లో వాళ్ళిద్దరూ తమ నాన్నల గురించి మాట్లాడుకుంటారు. మళ్ళీ చదివాం. 'ఒకళ్ళ తల ఇంకొకళ్ళ ఒళ్ళో పెట్టడం అంటే మాటలా' అందావిడ. పెళ్ళి గురించి వాదిస్తున్న మాస్టారు కూడా ఊరుకున్నారు.

కోసెయ్యమన్న అధ్యాయాల్లో అదొకటి. రెండోది సంక్రాంతి అధ్యాయం. రూమ్మేట్ సెలవు పెట్టి కోనసీమ వస్తుంది. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థానికి తీసుకెళతారు. వెదురుతో కట్టి రంగుల బట్టలతో అలంకరించిన ప్రభల్ని భుజాల మీద మోస్తూ కౌశిక నది దాటించడం చూసి ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటుంది. ఇంటికొచ్చాక అమ్మ అందరికీ కాఫీ ఇస్తుంది. ఇంట్లోవాళ్ళకి స్టీలు గ్లాసులు, ఆ పిల్లకి పేపర్ కప్పు. 'అతిథి కదా, మన గ్లాసు వేడికి చెయ్యి కాలుతుంది' అంటుంది అమ్మ. ఆవిడ చెడ్డది కాదు. నిజంగానే అలా అనుకుంటూ ఉంటుంది. మీ హీరోయిన్ చూస్తుంది, గొంతు పెగలదు. రూమ్మేట్ ఆ కప్పు రెండు చేతులతో పట్టుకుని, మా నాయనమ్మకి ఇలాంటివి బాగా తెలుసు అని మాత్రం అంటుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో తాగునీటి కుళాయిల దగ్గర తెల్లవాళ్ళకి, నల్లవాళ్ళకి అని వేరువేరు బోర్డులు ఉండేవన్నది మీరు అక్కడ రాయలేదు. రాయకపోవడమే గొప్ప పని. మన హోటళ్ళలో దళితులకి విడిగా గ్లాసులు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి గురించి కూడా ఒక్క మాట అనలేదు. పేపర్ కప్పు ఒక్కటే పెట్టారు.

దాదాపు ఎవరూ మాట్లాడలేదని మీరు బాధపడుతున్న అధ్యాయం అదే. ఎందుకు మాట్లాడలేదో నేను చెబుతాను. నల్లజాతి అబ్బాయి అల్లుడుగా రావడం మన ఇళ్ళలో వెయ్యింటికి ఒక ఇంట్లో జరగొచ్చు, జరక్కపోవచ్చు. దాని గురించి ఎంతైనా వాదించొచ్చు, ఎవరికీ ఏమీ కాదు. పేపర్ కప్పు మాత్రం ప్రతి ఇంట్లో ఉంది. పనిమనిషి గ్లాసు విడిగా గూట్లో బోర్లించి ఉంటుంది. కూలికొచ్చినవాళ్ళకి నీళ్ళు ఎత్తి పోస్తారు. కూతురి స్నేహితురాలు వంటింట్లోకి వస్తుంటే ఇంటిపేరు అడుగుతారు. నేను పుట్టి పెరిగిన ఇంట్లోనూ ఇవన్నీ ఉన్నాయి. ప్రేమని అడ్డుకునేవాడు అడ్డుకుంటున్నానని తెలిసే అడ్డుకుంటాడు. స్నేహాన్ని గ్లాసు దగ్గర ఆపేసే మనిషికి తను ఆపుతున్నట్టే తెలియదు. అందుకే దాని మీద ఉత్తరాలు రావు.

ఆ రెండు ఉత్తరాల్లో ఒకటి తణుకు నుంచి ఒక గృహిణి రాశారు. 'కాఫీ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను. మళ్ళీ తెరవలేదు. క్షమించండి' అని. మీరు దాన్ని తిట్ల కుప్పలో వేశారు. అమ్మా, దాన్ని అక్కడ్నుంచి తియ్యండి. ఆవిడకి తొందరపెట్టి ఏమీ రాయొద్దు. మీ ఫోన్ నంబరు ఒక్కటే పంపండి.

రెండోది నోటుపుస్తకం కాగితం మీద, గుండ్రటి చేతిరాతతో ఒక అమ్మాయి రాసింది. పదో తరగతి చదువుతున్నానని రాసింది. పెళ్ళి గురించి ఒక్క ముక్క లేదు. 'ఆ అక్క మళ్ళీ సంక్రాంతికి వచ్చిందా? వస్తే అప్పుడు కాఫీ ఎందులో ఇచ్చారు?' అని అడిగింది. నాలుగు నెలలుగా ఆ పిల్ల జవాబు కోసం చూస్తూ ఉంటుంది. డెబ్భై రెండు మందిలో ముందు తనకి రాయండి. ఏం జరిగిందో మీకే ఇంకా తెలియకపోతే, కూర్చుని ఆలోచించి తెలుసుకున్నాక రాయండి.